మీకు తెలుసా? వరి వేరు చుట్టూ ఎవరున్నారో!

అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ వైపు వెళ్తే వచ్చే గోల్డెన్ థ్రెషోల్డ్ సరోజినీ నాయుడు ఇల్లని చాలామందికి తెలుసు. 1974లో ఏర్పడిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం గచ్చిబౌలికి తరలక ముందు నడిచింది ఆ ఇంట్లోనే. ఆ విశ్వవిద్యాలయం నుంచి చింతలపాటి వెంకట రమణ, జేఎన్‌టీయూ నుంచి చింతలపాటి శశికళ, వారి బృందం నీళ్లు నిలిచిన వరిమడి మట్టిలో ఓ కొత్త బ్యాక్టీరియాను పట్టుకున్నారు. 2006లో దానికి ‘రుబ్రివివాక్స్ బెంజోయాటిలిటికస్’ అని పేరు పెట్టారు.

నోరు తిరగని పేరే! పనులు మాత్రం తమాషాగా ఉంటాయి. ఈ ఊదారంగు జాతి బ్యాక్టీరియా ఎండను వాడుకుంటుంది, కానీ మొక్కల్లా ఆక్సిజన్ వదలదు. క్రిములు చేరకూడదని సాస్ సీసాల్లో కలిపే బెంజోయేట్ ఉంది చూశారూ, దాన్నే ఇది మేస్తుంది. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం దొరికితే ఇండోల్ ఎసిటిక్ ఆమ్లం తయారుచేస్తుందని కూడా తర్వాత తేలింది. మొక్కలు వేళ్లు పెంచుకోవడానికి వాడే హార్మోన్ అదే మరి.

ఈసారి పొలానికి వెళ్తే ఒక వరి దుబ్బు పీకి, వేళ్లు కడిగి చూడండి. చుట్టూ బురద నల్లగా ఉన్నా వేళ్ల మీద మాత్రం ఇటుకరంగు పూత కనిపిస్తుంది. అది తుప్పే! నీట మునిగిన మట్టిలో గాలి ఆడదు కాబట్టి, వరి తన కాండంలోని గాలి గదుల గుండా ఆక్సిజన్‌ను వేళ్లకు దింపుకుంటుంది. అందులో కొంత బయటికి కారి, మట్టిలోని ఇనుమును తుప్పు పట్టిస్తుంది. అందుకే వేరుకు ఆనుకుని ఆక్సిజన్ కావలసిన బ్యాక్టీరియా ఉంటే, కొద్ది మిల్లీమీటర్ల అవతలే అది గిట్టనివి కాపురముంటాయి.

వేరు వీటిని ఊరికే రమ్మనదు. చక్కెరలు, ఆమ్లాలు స్రవించి మేపుతుంది. నారును మట్టిలో నాటిన 24 గంటల్లోపే బ్యాక్టీరియా వేళ్ల దగ్గరికి చేరిపోతుందని 2015లో కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు చూపించారు. కొన్ని వేరు లోపలికీ దూరాయి.

అన్ని వరి రకాలూ ఒకే గుంపును పోగేయవు. మన సాంబ మసూరి ఇండికా తెగది. మరో తెగ అయిన జపానికా రకాలకంటే ఇండికా వేళ్ల దగ్గర నత్రజనితో పనిచేసే బ్యాక్టీరియా ఎక్కువని 2019లో చైనా పరిశోధకులు కనుగొన్నారు. ఎన్‌ఆర్‌టీ1.1బీ అనే ఒక్క జన్యువును పనిచేయకుండా చేస్తే చాలు, వేళ్ల దగ్గరి ఆ గుంపే మారిపోయింది!