ఆటపలకపై రక్షకపు పొర



నేటి నా ప్రసంగము పిన్‌బాల్ అను ఆటయంత్రమునకు సంబంధించినది. ఇది ముఖ్యముగా అమెరికా దేశమున, చికాగో నగరమునందు వృద్ధి చెందిన వినోదసాధనము. మన గ్రామములందు దీనిని చూచినవారు మిక్కిలి అరుదు. అయినను పాత పిన్‌బాల్ యంత్రములను కాపాడువారికి కలిగిన చిక్కు మనము ఎఱుగనిది కాదు. వస్తువును వాడినచో అరుగును. వాడక మూలనుంచినచో అది యున్నను లేనట్టిదే. అరుగకుండ వాడుకొనుటకై దానిపై ఒక పొర కప్పినచో, ఆ పొర మేలు చేయునా, కీడు చేయునా? ఈ సంగతినే నేడు మీకు విన్నవింపదలచితిని.

ముందుగా యంత్రస్వరూపము తెలుపుదును. నాలుగు కాళ్లపై నిలిచిన పొడవైన పెట్టె. పైన అద్దము. అద్దము క్రింద, ఆడువాని వైపునకు వాలునట్లు అమర్చిన చెక్కపలక. ఆ పలకపై 27 మిల్లీమీటర్ల వ్యాసమును, సుమారు 80 గ్రాముల బరువును గల ఉక్కుబంతి దొరలును. ఆడువాడు ఒక కమ్మిని లాగి విడువగానే బంతి పలక పైభాగమునకు చేరి, అచ్చటి రబ్బరు వలయములను, విద్యుచ్ఛక్తిచే ఎదురు తన్ను బంపరులను తాకుచు క్రిందికి వచ్చును. అది అడుగున పడిపోకుండ ఫ్లిప్పరులు అను రెండు చిన్న చేతులతో మరల పైకి కొట్టవలెను. ఈ ఫ్లిప్పరులు 1947వ సంవత్సరమున గాట్లీబ్ సంస్థవారి హంప్టీ డంప్టీ అను యంత్రముతో వాడుకలోనికి వచ్చినవి. అంతకు పూర్వము బంతిగతి చాలవఱకు అదృష్టాధీనము. అందుచేత దీనిని జూదముగా నెంచి న్యూయార్కు నగరాధికారులు 1942లో నిషేధించిరి. ఎన్నియో యంత్రములు సుత్తెలతో పగులగొట్టబడినవి. 1976లో గాని ఆ నిషేధము తొలగలేదు.

ఇక ఆటపలక మాట. పలుచని చెక్కపొరలను ఒకదానిపై నొకటి అంటించి దీనిని చేయుదురు. దానిపై సిల్కు తెఱల సాయమున ఒక్కొక్క రంగును వేర్వేఱుగ అచ్చొత్తి బొమ్మలు నింపుదురు. పాత యంత్రములందు ఆ బొమ్మలకు రక్షణ పైన పూసిన పలుచని వార్నీషు ఒక్కటియే. పలకయందు అచ్చటచ్చట రంధ్రములు చేసి రంగు ప్లాస్టిక్కు బిళ్లలు పొదుగుదురు; వాని క్రింద దీపములు వెలుగును. ఈ పలకలు తరతరములు నిలువవలెనని చేసినవారు తలంపలేదు. ఏ హోటలునందో, ఏ దుకాణమునందో కొన్నియేండ్లు నాణెములు సంపాదించి పెట్టినచో వారికి చాలును. నేడు వానిని సేకరించువారికి మాత్రము ఆ బొమ్మలే ప్రాణము. అరిగిన తీగను మార్చవచ్చును, రబ్బరును మార్చవచ్చును. ఆనాటి అచ్చు చెడినచో చేతితో దిద్దిన రంగు దానికి సాటి రాదు.

పలక ఏల చెడును? బంతి దొరలుటయే కారణమని మనము తలంతుము. నిజమునకు శుభ్రమైన పలకపై నునుపైన బంతి చేయు హాని స్వల్పము. రబ్బరు అరిగిన పొడియు, విద్యుత్తు చుట్టలలో కదలు లోహపు కడ్డీలనుండి రాలు నల్లని ధూళియు పలకపై చేరును. బంతి ఆ ధూళిని వెంటబెట్టుకొని దొరలుచు సానరాయివలె పనిచేయును. కాలక్రమమున బంతియే గీతలుపడి గరుకెక్కును. అప్పుడు హాని ఇబ్బడి యగును. మొదట వార్నీషు పోవును. పిదప రంగు పోవును. తుదకు చెక్క బయటపడి మురికిని పీల్చుకొనును. బంపరుల చుట్టును, బంతిని పైకెగురవేయు గుంటల అంచులందును, ఫ్లిప్పరుల ముందటను ఈ అరుగుదల ముందుగా కనబడును. ఇదిగాక వర్షకాలపు చెమ్మకు చెక్క ఉబ్బును, ఎండకు ముడుచుకొనును. దానితోపాటు సాగలేని వార్నీషు వెండ్రుకవాసి బీటలు వాఱును.

దీనికి ప్రతిక్రియగా వచ్చినది పారదర్శకమగు పాలియెస్టరు పొర. డ్యుపాంట్ సంస్థవారు దీనికి పెట్టిన మైలార్ అను పేరే వాడుకయందు స్థిరపడినది. 1970 దశాబ్దపు చివరి కాలమునుండి యంత్రములు చేయువారే ఈ పొరను, ఒకవైపు జిగురు గలదానిని, బంపరుల చుట్టు అంటించి పంపసాగిరి. కొన్ని యంత్రములకు పలక యంతటను అంటించిరి. దీని మేలు కన్నులకు కనబడునదే. నేను చూచిన కొన్ని పలకలయందు పొర గల వలయములో రంగు నిన్న అద్దినట్లుండగా, పొర అంచు దాటిన వెంటనే వట్టి చెక్క బయటపడి యుండెను.

అయినను ఈ పొర కొన్ని దోషములను వెంట దెచ్చును. మొదటిది, పొర తన క్రింద నున్నదానిని ఉన్నట్లే బంధించును. మురికి యున్నచో మురికియే నిలుచును. పుండును కడుగక కట్టు కట్టినట్లగును. రెండవది, ప్లాస్టిక్కు బిళ్ల కొంచెము క్రుంగిన చోట పొర దానిపై వంతెనవలె నిలిచి, నడుమ గాలి చేరి, తెల్లని బుడగగా కనబడును. మూడవది, ఏండ్లు గడచినకొలది అంచులు లేచి, ఆ సందులలో నల్లని మట్టి చేరును. నాలుగవది అన్నిటికంటె ముఖ్యమైనది. పొరను తీయవలసిన దినము వచ్చినప్పుడు, జిగురు పట్టు రంగుకును చెక్కకును గల పట్టుకంటె బలమైనదైనచో, పొరతో బొమ్మయు ఊడివచ్చును.

తీయుటకు నేర్పరులు అవలంబించు మార్గము చల్లదనము. అతిశీతలమగు వాయువును పొరపై కొంచెము కొంచెముగా చిమ్మినచో జిగురు పెళుసై పట్టు విడుచును. వేడిచేసి తీయు పద్ధతియు కలదు. కాని రంగు మెత్తబడి కదలు భయము దానియందు అధికము. మిగిలిన జిగురుపై ఐసోప్రొపైల్ ఆల్కహాలు చిలికి, గోధుమపిండి చల్లి, వ్రేళ్లతో మెల్లగా రుద్దినచో జిగురు ఉండలు కట్టి వచ్చును. ఆ ద్రావకము త్వరగా అంటుకొనునది గావున దీపమునకు దూరముగా, గాలి యాడుచోట, ముందొక మూల పరీక్షించి ఈ పని చేయవలెను. రంగు ఇదివఱకే పొరలెత్తుచున్న పలకపై ఏ పద్ధతియు నిరపాయము కాదు. అట్టిచోట పొరను కదల్చకుండుటయే మేలు.

కావున నా యభిప్రాయమిది. రంగు గట్టిగా నిలిచి, పలక సమముగా, శుభ్రముగా నున్నప్పుడు దెబ్బ యధికముగా తగులు చోట చిన్న పొర అంటించుట తగును. ఆ చోట మైనము ఉండరాదు. మైనముపై జిగురు నిలువదు. వార్నీషు బీటలువాఱి రంగు సడలిన పాత పలకకు జిగురుపొర తగదు. దానికి వేఱొక ఉపాయము కలదు. పలక ఆకారమునకు సరిగా కత్తిరించిన, మిల్లీమీటరుకంటె పలుచని స్వచ్ఛమైన ప్లాస్టిక్కు రేకును, జిగురు లేకుండ, పలకపై పఱచి ఉంచుదురు. పలకపై నాటిన స్తంభములే దానిని పట్టియుంచును. బంతి నడక కొంత మాఱును, వెలుతురు కొంత మెఱయును. కాని కోరినప్పుడు తీసి, క్రింద తుడిచి, మరల పఱువవచ్చును. మనము పటమునకు అద్దము వేయుదుముగాని, పటమునకు జిగురు పూసి అద్దమును అంటింపము గదా.

పొర యున్నను లేకున్నను విడువరానివి మూడు పనులు: పలకను తఱచుగా తుడుచుట, రేకు లేని పలకకు కార్నౌబా మైనము పలుచగా పట్టించుట, గరుకెక్కిన బంతిని వెంటనే మార్చుట. వీనిలో బంతికగు వ్యయము అన్నిటికంటె స్వల్పము. అది కాపాడు బొమ్మ మరల దొరకనిది. 1990 ప్రాంతమునుండి యంత్రనిర్మాతలు గట్టి పారదర్శక పూతను పలకకే పట్టించుచున్నందున, క్రొత్త యంత్రములకు ఈ చింత తగ్గినది. పాతవాని భారము మాత్రము వానిని ఉంచుకొన్నవారిదే.

ప్రాత వస్తువును కాపాడబూనిన వారెవరైనను, ఏదైన పైన కప్పుటకు ముందు, దానిని రేపు హాని లేకుండ తీయగలమా యని యోచింపుడని ప్రార్థించుచు, ఇంతటితో విరమించుచున్నాను.