ప్రొటీన్ పొడి: అవసరమెంత?

జిమ్‌లో చేరగానే, పొద్దున టిఫిను మానేసైనా సరే, ప్రొటీన్ డబ్బా కొనే విద్యార్థులున్నారు. జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం పెద్దవారికి రోజుకు కిలో శరీర బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలు. అంటే 60 కిలోల విద్యార్థికి సుమారు 50 గ్రాములు. 100 గ్రాముల కందిపప్పులో దాదాపు 22 గ్రాములు, ఒక గుడ్డులో 6 గ్రాములు ఉంటాయి. బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ పప్పులో బాగా లభిస్తుంది. పప్పులో కొరవడే మెథియోనిన్‌ను అన్నం భర్తీ చేస్తుంది. వ్యాయామం లేకుండా అదనంగా తిన్న ప్రొటీన్ కండగా మారదు. శక్తిగా ఖర్చవుతుంది, లేదా కొవ్వుగా నిల్వ ఉంటుంది.

అసలు చిక్కు హాస్టల్ నీళ్లపప్పుతోనే. మీ మెస్‌లో తలకు ఎన్ని గ్రాముల పప్పు వండుతున్నారో అడిగి, పై లెక్క వేసి చూడండి.