మెడ మెత్తగా, అడుగు గట్టిగా

రైఫిల్ పేలాక బయటికి ఎగిరిపడే ఇత్తడి గొట్టం పారేసేది కాదు. గుండు వెళ్లిపోతుంది, మందు కాలిపోతుంది, అడుగున ఉండి మందును అంటించే ప్రైమర్ పనైపోతుంది. గొట్టం మాత్రం మిగులుతుంది. అమెరికాలో వేటగాళ్లు, గురి పోటీల వాళ్లు దాన్ని ఏరుకుని ఇంట్లోనే మళ్లీ నింపుకుంటారు. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. అందుకే నింపే పని జోలికి పోకుండా ఇత్తడి సంగతే చూద్దాం.

ఆ ఇత్తడిలో రాగి సుమారు 70 శాతం, జింకు 30 శాతం. .308 విన్‌చెస్టర్ అనే పేరున్న తూటాలో ఒత్తిడి చదరపు అంగుళానికి 62,000 పౌండ్ల దాకా ఉండొచ్చు. కారు టైరులో ఉండేది ముప్పై చిల్లర. అంత ఒత్తిడికి గొట్టం ఉబ్బి తుపాకీ లోపలి గోడకు అతుక్కుంటుంది, వేడి వాయువు వెనక్కి రాకుండా అడ్డుపడుతుంది. మరుక్షణం కాస్త ముడుచుకుంటుంది కాబట్టే ఊడి వస్తుంది. అయితే పాత కొలతకు పూర్తిగా రాదు. దాన్ని డై అనే అచ్చులో పెట్టి నొక్కి మళ్లీ సన్నం చేయాలి.

చిక్కంతా ఇక్కడే. ఉబ్బిన ప్రతిసారీ, నొక్కిన ప్రతిసారీ ఇత్తడి గట్టిపడుతుంది. పెంబర్తి ఇత్తడి పనివాళ్లకు ఇది కొత్త కాదు. రేకును సుత్తితో కొట్టేకొద్దీ మొండికేస్తుంది, కాల్చి మెత్తబరిస్తేనే మళ్లీ మాట వింటుంది. తూటా గొట్టానికీ అదే మందు. కాకపోతే కాల్చేది మెడను, దాని కిందనున్న భుజాన్ని మాత్రమే, అదీ కొన్ని క్షణాలే. మెడ మెత్తగా ఉంటే గుండును ప్రతిసారీ ఒకే బిగువుతో పట్టుకుంటుంది, చీలదు. అడుగుకు వేడి తగలకూడదు. ఒత్తిడిని ఆపాల్సింది అదే. మెత్తబడితే తెగి, వాయువు తుపాకీ పేల్చేవాడి ముఖం మీదికి తన్నొచ్చు. మెడ గట్టిపడితే పోయేది ఒక గొట్టం, అడుగు మెత్తబడితే పోయేది కన్ను. అనుమానంగా ఉన్నప్పుడు మెడను కాల్చకపోవడమే మేలని నా అభిప్రాయం. సైనిక తూటాల మెడ దగ్గర కనిపించే నీలి, ఊదా రంగు మచ్చ ఈ కాల్చడం వల్ల వచ్చిందే. అది మురికి కాదు, పని జరిగిందనడానికి గుర్తు.

ఈ పాఠంలో మన దేశానికీ వాటా ఉంది. బ్రిటిష్ సైన్యం ఇక్కడ వానాకాలంలో తూటాలను గుర్రపుశాలల్లో నిల్వ చేస్తే, ఎవరూ ముట్టకుండానే వాటి మెడలు చీలేవి. 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే పరిశోధకులు కారణం తేల్చారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, గాలిలోని తేమ, నొక్కినప్పుడు లోహంలో మిగిలిపోయిన బిగువు, ఈ మూడూ కలిసి ఇత్తడిని చీల్చేవి. వేడి చేసి ఆ బిగువు తీసేశాక బెడద తగ్గింది. అమ్మోనియా ఉన్న పాలిష్‌తో గొట్టాలు తోమొద్దని ఇప్పటికీ చెప్పేది అందుకే.

మిగతావి ఓపిక పనులు. అక్రోటు పెంకుల రవ్వలోనో మొక్కజొన్న బెండ్ల పొడిలోనో దొర్లిస్తే మసి పోతుంది. డైలో పెట్టేముందు పలచగా నూనె పూయాలి. లేకపోతే ఇరుక్కుంటుంది, ఎక్కువైతే భుజం సొట్టపోతుంది. పేల్చిన కొద్దీ ఇత్తడి ముందుకు సాగి గొట్టం పొడవు పెరుగుతుంది. .308కి 51.18 మిల్లీమీటర్లు గరిష్ఠం. అది దాటితే మెడ అంచు తుపాకీలో నొక్కుకుని గుండును బిగించేస్తుంది, ఒత్తిడి హద్దు మీరుతుంది. అందుకే కొలిచి, కోసి, అంచు నునుపు చేస్తారు.

ముందుకు సాగిన ఆ ఇత్తడి ఎక్కడో తగ్గాలి కదా. అడుగుకు కాస్త పైన గోడ పలచబడుతుంది. బయట మెరిసే సన్నని వలయం కనిపిస్తే అనుమానించాలి. కొస వంచిన తీగను లోపలికి దించి గోడను గీస్తే, గాడి ఉన్నచోట తీగ తట్టుకుంటుంది. అలా తట్టుకున్న గొట్టాన్ని కాల్చినా, నొక్కినా బాగుపడదు. ఇంకెవరూ పొరపాటున వాడకుండా పట్టకారుతో నలిపి పాత సామాన్లలో వేయాల్సిందే.