తలంబ్రాల దగ్గర బొమ్మ ఎందుకు పగిలింది?

బాలలూ! మీ బీరువా అడుగున పాత వీడియో టేపు ఒకటి ఉన్నదనుకోండి. అందులో మీ పెద్దమ్మ పెళ్ళి ఉన్నది. ఇప్పుడు లేని మీ తాతమ్మ, పెళ్ళికూతురి వెనక నిలబడి నవ్వే దృశ్యం ఆ ఒక్క టేపులోనే ఉన్నది. టేపు పాడైపోక ముందే మీ అన్నయ్య దాన్ని కంప్యూటరులోకి ఎక్కించి, మూడు గంటల పెళ్ళినీ ఒకే డీవీడీ మీదికి మార్చాడు. అందరూ చూడటానికి కూర్చున్నారు. మంగళసూత్రం కట్టేదాకా బాగానే ఉన్నది. తలంబ్రాలు మొదలు కాగానే బొమ్మంతా చదరపు ముక్కలైపోయింది. తాతమ్మ ముఖం పలకలు అతికినట్టయింది!

ఎందుకిలా జరిగింది? డిస్కులో చోటు చాలక.

మన దేశపు పద్ధతిలో తయారైన డీవీడీలో సెకనుకు 25 బొమ్మలు కదులుతాయి. ఒక్కొక్క బొమ్మలో అడ్డంగా 720, నిలువుగా 576, వెరసి 4,14,720 చుక్కలుంటాయి. మామూలు డీవీడీలో పట్టేది 470 కోట్ల బైట్లు. చుక్కలన్నిటినీ ఉన్నవి ఉన్నట్టు రాస్తే, మహా అయితే అయిదు నిమిషాల పెళ్ళి పడుతుంది!

అందుకని ఎంపెగ్-2 అనే పద్ధతిలో బొమ్మలను కుదిస్తారు. ఇందులో రెండు ఉపాయాలున్నాయి. పెళ్ళిపందిరి కదలదు గదా? దాన్ని ప్రతి బొమ్మలోనూ మళ్ళీ రాయకుండా, మారినంత మేరకే రాయటం ఒక ఉపాయం.

రెండోది గళ్ళ ఉపాయం. బొమ్మను ఎనిమిదేసి చుక్కల గళ్ళుగా కోస్తారు. ఒక్కొక్క గడిలో ముందు మొత్తం మీద ఉన్న ఛాయను, తరవాత సన్నని వివరాలను లెక్కకడతారు. ఈ లెక్కను 1974లో నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు ప్రకటించారు. వీరిలో నాసిర్ అహ్మద్ బెంగుళూరులో పుట్టినవాడు.

చోటు చాలకపోతే యంత్రం ముందుగా సన్నని వివరాలను వదిలేస్తుంది. అప్పుడు గడికొక ఛాయ మాత్రం మిగిలి, గళ్ళ అంచులు బయటపడతాయి.

ఇప్పుడు తలంబ్రాలను తలచుకోండి. వేల బియ్యపుగింజలు, ఒక్కొక్కటి ఒక్కొక్క దారిన పడుతున్నాయి! మారనిదంటూ ఏమీ లేదు. మొదటి ఉపాయం పారలేదు. భారమంతా రెండోదాని మీద పడింది. పాత టేపులో మెరిసే చుక్కలను కూడా యంత్రం కదలికలే అనుకుని, వాటికీ చోటు ఖర్చుపెడుతుంది.

మరి దీన్ని సరిచెయ్యటమెలా?

ముందు తప్పు ఎక్కడున్నదో పట్టుకోండి. టేపులోనూ, కంప్యూటరులోకి ఎక్కించిన వీడియోలోనూ ఆ ఘట్టం శుభ్రంగా ఉంటే, తప్పు కుదింపులోనే ఉన్నదన్నమాట.

మూడు గంటలు ఒకే డిస్కులో ఇరికిస్తే, ధ్వనితో కలిపి సెకనుకు 35 లక్షల బిట్లకు మించి దక్కవు. రెండు డిస్కులు చేస్తే దాదాపు 70 లక్షలు దక్కుతాయి. పది సమస్యలు ఈ ఒక్క పనితోనే తీరతాయి.

కుదించే ముందు టేపు చుక్కలను తగ్గించే సాధనం వాడాలి. అయితే ఎక్కువగా వాడితే ముఖాలు మైనపు బొమ్మల్లా నునుపెక్కుతాయి.

యంత్రాన్ని వీడియో మీద రెండుసార్లు నడిపించాలి. మొదటిసారి కష్టమైన ఘట్టాలు ఎక్కడున్నాయో చూసుకుంటుంది. రెండోసారి, ఖాళీ పందిరి దగ్గర చోటు పొదుపు చేసి తలంబ్రాలకు ఇస్తుంది.

ఒక్క సంగతి మాత్రం మరిచిపోకండి. పగిలిన డీవీడీ బొమ్మను తిరిగి కుదిస్తే ఇంకా చెడుతుంది గాని బాగుపడదు. వదిలేసిన వివరం ఆ డిస్కులో ఎక్కడా లేదు. తాతమ్మ నవ్వు ఇంకా ఆ టేపులోనే ఉన్నది. కాబట్టి డీవీడీ తయారైంది గదా అని టేపు పారెయ్యకండి. కంప్యూటరులోకి ఎక్కించిన మొదటి వీడియోను కూడా రెండు చోట్ల దాచి పెట్టమని అన్నయ్యకు చెప్పండి.