వేలాడే పెన్ ప్లాటర్

వేలాడే పెన్ ప్లాటర్ అనగా కంప్యూటరు ఆదేశాల ప్రకారం పెన్నును కదిలిస్తూ నిలువు తలంపై బొమ్మలు గీసే యంత్రము. రెండు మోటార్ల నుండి దిగివచ్చే బెల్టులు పెన్ను వద్ద కలిసి ఆంగ్ల అక్షరం 'వి' ఆకారంలో కనిపించుట వలన దీనిని వి-ప్లాటర్ అని కూడా అంటారు. దీనికి పట్టాలు గాని, కాన్వాసంత చట్రము గాని అక్కరలేదు. అందువలన పెద్ద చిత్రాలు గీయదలచిన ఔత్సాహికులు ఈ నమూనాను ఇంట్లోనే తయారు చేసుకుంటారు. నిర్మాణము తేలికే గాని, దీనిచేత ఒక సరళరేఖను తిన్నగా గీయించుటకు కొంత గణితము అవసరం.

చరిత్ర

అమెరికాలో 1959లో విడుదలైన కాల్‌కాంప్ 565 తొలితరం కంప్యూటర్ ప్లాటర్లలో ఒకటి. ఇందులో కాగితం ఒక డోలుపై ముందుకు వెనుకకు తిరుగుతుండగా పెన్ను అడ్డంగా కదిలేది. 1965లో జర్మనీలోని స్టట్‌గార్ట్ నగరంలో గియోర్గ్ నీస్, ఫ్రీడర్ నాకె ప్రదర్శించిన కంప్యూటర్ చిత్రాలు గ్రాఫోమాట్ జడ్64 అనే ప్లాటరుతో గీసినవి. ఇంక్‌జెట్ యంత్రాలు వచ్చిన తరువాత కార్యాలయాలలో పెన్ ప్లాటర్ల వాడకం తగ్గిపోయింది.

2002లో స్విట్జర్లాండుకు చెందిన యుర్గ్ లేహ్ని, ఇంజనీరు ఉలి ఫ్రాంకెతో కలిసి హెక్టర్ అనే యంత్రాన్ని రూపొందించాడు. ఇది రెండు మోటార్లు, పళ్ళ బెల్టుల సాయంతో స్ప్రే డబ్బాను గోడపై కదిలిస్తుంది. 2005లో ఇటలీలో మొదలైన ఆర్డుయినో బోర్డు వలన ఇటువంటి యంత్రాలు ఔత్సాహికులకు కూడా అందుబాటులోకి వచ్చాయి.

ముఖ్య భాగాలు

- స్టెప్పర్ మోటార్లు: ఇవి రెండు. కాన్వాసుకు పైన, ఎడమ కుడి వైపుల అమర్చుతారు. సాధారణంగా వాడే మోటారు ఒక చుట్టుకు 200 అడుగులు వేస్తుంది.
- పళ్ళ బెల్టు, పుల్లీ: 2 మి.మీ. ఎడం గల పళ్ళ బెల్టును 20 పళ్ళ పుల్లీపై నడిపితే ఒక చుట్టుకు 40 మి.మీ., ఒక అడుగుకు 0.2 మి.మీ. కదులుతుంది. మామూలు దారం సాగుతుంది, జారుతుంది; పళ్ళ బెల్టుతో ఆ ఇబ్బంది తక్కువ.
- పెన్ను బండి: పెన్నును పట్టుకొని బెల్టులకు వేలాడే భాగము. రెండు బెల్టుల రేఖలు పెన్ను మొన వద్దనే కలిసేటట్లు దీనిని చేయాలి. లేనిచో బండి వాలినప్పుడల్లా మొన పక్కకు జరుగుతుంది.
- సర్వో మోటారు: గీత అవసరం లేనిచోట పెన్నును కాన్వాసు నుండి ఎత్తుతుంది.
- మైక్రోకంట్రోలర్, డ్రైవర్లు: కంప్యూటరు పంపిన ఆదేశాలను మోటారు అడుగులుగా మార్చుతాయి.

పనిచేయు విధానము

ఎడమ మోటారును మూలబిందువుగా తీసుకుంటే, పెన్ను ఉండే చోటును అడ్డు దూరము, దిగువకు దూరము అనే రెండు సంఖ్యలతో చెప్పవచ్చును. ప్రతి బెల్టు ఒక లంబకోణ త్రిభుజానికి కర్ణము. కనుక బెల్టు పొడవును పైథాగరస్ సిద్ధాంతం ద్వారా కనుగొంటారు.

ఉదాహరణకు మోటార్ల మధ్య దూరం 1250 మి.మీ. అనుకుందాం. పెన్ను ఎడమ మోటారు నుండి అడ్డంగా 450, దిగువకు 600 మి.మీ. వద్ద ఉంటే ఎడమ బెల్టు పొడవు 750, కుడి బెల్టు పొడవు 1000 మి.మీ. అవుతుంది. అక్కడి నుండి అదే ఎత్తులో 350 మి.మీ. కుడికి జరిగితే ఈ పొడవులు తారుమారవుతాయి.

సరళరేఖ సమస్య

పై ఉదాహరణలో ఒక బెల్టును 750 నుండి 1000కు, రెండవదానిని 1000 నుండి 750కు సమాన వేగంతో మార్చితే సరిపోవుననిపిస్తుంది. కాని అప్పుడు సగం దారిలో రెండు బెల్టులూ 875 మి.మీ. ఉంటాయి. ఆ చోట ఉండవలసిన పొడవు సుమారు 866.4 మి.మీ. మాత్రమే. ఫలితంగా పెన్ను దాదాపు 12.4 మి.మీ. కిందికి దిగి, సరళరేఖకు బదులు వంపు గీత వస్తుంది.

దీనికి పరిష్కారంగా ప్రతి గీతను చిన్న ముక్కలుగా విభజించి, ప్రతి ముక్క చివర బెల్టుల పొడవును మళ్ళీ లెక్కించాలి. ముక్క పొడవు పదవ వంతుకు తగ్గితే వంపు దాదాపు నూరవ వంతుకు తగ్గుతుంది. 350 మి.మీ. గీతను 100 ముక్కలు చేస్తే వంపు మిల్లీమీటరులో సుమారు వెయ్యవ వంతు మాత్రమే. అది కంటికి కనబడదు.

బిగువు, గీయదగిన ప్రదేశము

పెన్ను బండిని బెల్టుల బిగువే నిలబెడుతుంది. మధ్యభాగంలో బెల్టులు అడ్డురేఖకు 30 డిగ్రీల కోణంలో ఉంటే ఒక్కొక్క బెల్టుపై బిగువు బండి బరువుతో సమానము. పెన్ను పైకి పోయి ఆ కోణం 10 డిగ్రీలకు తగ్గితే బిగువు దాదాపు మూడు రెట్లవుతుంది. మోటారు అడుగులు తప్పే ప్రమాదం ఉంది. పెన్ను ఒక మోటారుకు సరిగ్గా కిందికి వస్తే రెండవ బెల్టులో బిగువు ఉండదు, బండి ఊగుతుంది. అందువలన మోటార్లను కాన్వాసు కన్నా వెడల్పుగా, తగినంత ఎత్తులో అమర్చాలి. 900 మి.మీ. వెడల్పు కాన్వాసుకు 1250 మి.మీ. దూరం ఇస్తే ఇరువైపులా 175 మి.మీ. చొప్పున ఖాళీ మిగులుతుంది.

కాన్వాసుపై గీయునప్పుడు

చట్రానికి బిగించిన కాన్వాసు పెన్ను ఒత్తిడికి లోపలికి కుంగుతుంది. వెనుక గట్టి అట్ట లేదా ప్లైవుడ్ పలక ఆనించితే గీత సమానంగా పడుతుంది. పైభాగం కొద్దిగా వెనుకకు వాల్చితే పెన్ను తనంతట తానే తలాన్ని తాకుతూ ఉంటుంది. కాన్వాసుపై పూసే జెస్సో పూత గరుకుగా ఉండి పెన్ను మొనను అరగదీస్తుంది. సన్నని మొనల కన్నా యాక్రిలిక్ మార్కర్లు దీనికి అనువైనవి. కుంచెతో వేయుట ఇంకా కష్టం. ఒత్తిడిని మార్చుతూ, మాటిమాటికీ రంగులో ముంచవలసి ఉంటుంది.

సరిచూచుట

ఈ యంత్రము పెన్ను ఎక్కడుందో చూడలేదు, వేసిన అడుగులను లెక్కించగలదు అంతే. ఒక్కసారి అడుగు తప్పితే ఆ తరువాతి బొమ్మంతా జరిగిపోతుంది. కరెంటు పోతే మోటార్ల పట్టు సడలి బండి కిందికి జారుతుంది. బెల్టుల రెండవ కొనలకు ఎదురు బరువులు కట్టుట వలన ఈ జారుడు తగ్గుతుంది. అందుచేత ప్రతిసారీ పెన్నును కొలిచి గుర్తించిన చోటనుండే మొదలుపెట్టాలి. ముందుగా పాత కాగితంపై ఒక చతురస్రాన్ని గీయించి, దాని భుజాలను, కర్ణాలను కొలవడం మంచిది. అడ్డుగీతలు వంగి ఉంటే మోటార్ల మధ్య దూరాన్ని గాని, మొదటి చోటును గాని తప్పుగా కొలిచి ఉండవచ్చును. కాన్వాసుపై పడిన సిరాను చెరపలేము గనుక ఈ పరీక్షను వదిలివేయరాదు.