పాత యింటి మిద్దె – అటకమీది విత్తనము

ఝరాసంగం ప్రాంతపు రైతు వానకాలపు కందిని పుష్య మాఘములలో కోసి, మరల మృగశిరలో విత్తును. యాసంగి జొన్నను ఫాల్గుణములో కోసి, ఉత్తర, హస్త కార్తెలలో విత్తును. అనగా కంది విత్తనము వేసవి యంతయు, జొన్న విత్తనము వేసవితో బాటు వానకాలమంతయు ఇంటిలో నిలువ యుండవలెను. ఈ నిలువకు మన పెద్దలు ఏర్పరచిన చోటు అటక. అటక బాగోగులు దానిపైనున్న కప్పునుబట్టి యుండును. ఈ సంగతి మరచి అటకను మాత్రము బాగుచేసి, పైకప్పును వదలివేసినవారు విత్తనము పోగొట్టుకొనుచున్నారు.

కేతకీ సంగమేశ్వర స్వామి క్షేత్రమునకు వచ్చిన యాత్రికులు ఆలయము చూచి మరలిపోవుదురు గాని, చుట్టుప్రక్కల పల్లెలలోని పాత యిండ్లను కూడ ఒకసారి చూడదగును. 1956 వరకు జహీరాబాదు తాలూకా బీదరు జిల్లాలోనిది. బీదరు కోటకు వాడిన చిల్లులుగల ఎర్రరాయియే ఇక్కడి గోడలలోను కనబడును. గోడలమీద దూలములు, దూలములమీద దంతెలు, వాటిమీద దగ్గర దగ్గరగా పేర్చిన కట్టెలు, ఆపైన ఆకు అలము, ఆపైన అడుగు మందమున మట్టి, అన్నిటికి పైన చవుడు – ఇదే మట్టిమిద్దె. వేసవి మధ్యాహ్నము కూడ దీని క్రింది గది చల్లగా నుండును.

మొన్నటి వేసవిలో ఈ ప్రాంతములోని ఒక గ్రామమునకు పోయినప్పుడు అన్నదమ్ములు పంచుకొన్న యిల్లొకటి చూచితిని. అన్న భాగమున పాత మిద్దె అట్లే యున్నది. తమ్ముడు తన భాగమును దింపి ఇనుప రేకులు వేసినాడు. ఇద్దరి అటకలమీదను ఒకే చేనిలో పండిన కంది విత్తనము నిలువ యుండెను. విత్తిన పిదప అన్న చేను నిండుగా మొలిచినది, తమ్ముని చేను పలుచబడినది. “సారూ, రేకులు ఏసినంక ఉరుసుడు బాధ పోయింది గని, ఇత్తులు ఆగమైనయి” అని అతడు చెప్పినాడు. అతని విత్తనము సరిగా ఎండకుండగనే బస్తాలకెక్కినదట. కావున దోషమంతయు రేకులదే అనుట న్యాయము కాదు. తడియున్న విత్తనమునకు రేకుల వేడి తోడైనది.

విత్తనము ప్రాణముగల వస్తువు. దానిలోని తేమ నూటికి ఒక వంతు తగ్గిన కొలది దాని ఆయుర్దాయము ఇంచుమించు రెట్టింపగును. నిలువయుండు చోటి వేడి 5 డిగ్రీలు తగ్గినను అంతే. ఈ లెక్క తిరుగవేసి చూడుడు. రేకు ఎండలో 60 డిగ్రీలకు మించి కాగుట వింత కాదు. దానికి జానెడు క్రింద అటకమీదనున్న బస్తా గతి చెప్పనక్కరలేదు. ధృవీకరణ విత్తనమునకు జొన్నలో తేమ నూటికి 12, కందిలో 9 మించరాదని నియమము. మిద్దె కారి, నెలదినములు గోడ చెమ్మలో నున్న బస్తాలో ఈ హద్దు నిలువదు.

కనుక పని పైనుండి మొదలు పెట్టవలెను. అటకకు పలకలు కొనుటకు ముందు మిద్దె ఎక్కవలెను.

మిద్దె కారినప్పుడు చాలమంది చేయు పని, కారిన చోట మరికొంత మట్టి తెచ్చి పోయుట. ఏటేట ఇట్లు పోయగా పోయగా మందము పెరిగిపోవును. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు గల గదిమీద ఒక్క అంగుళము మట్టి సుమారు 4 క్వింటాళ్లు తూగును. అడుగు మందము మట్టి 50 క్వింటాళ్ల దాక వచ్చును. వాన నీరు పీల్చిన మట్టి బరువు ఇంకను ఎక్కువ. ఈ బరువంతయు మోయునది తాతలనాటి దూలము. పాత మిద్దెలు తరచు ముసురు పట్టినప్పుడే కూలుట ఇందుచేతనే. కొత్త మట్టి ఎంత పోయదలచిరో అంత పాత మట్టిని ముందు గోకి దింపవలెను.

మట్టి దింపుటకు పూర్వము లోపలికి పోయి ప్రతి దూలమును చూడవలెను. దూలము నడుమ బాగుగా కనబడినను, గోడలోనికి పోయిన కొనయే ముందు చెడును. కారిన నీరు గోడవెంట దిగి అక్కడ నిలుచును, చెదలు అక్కడనే పట్టును. గునపపు మొనతో పొడిచిన మెత్తగా దిగినచో, సుత్తితో కొట్టిన బోలుగా మ్రోగినచో ఆ దూలము పనికిరాదు. పనికిరాని దూలము క్రింద గట్టి మొగరము నిలిపిన తరువాతనే పైనున్న మట్టి కదలింపవలెను. దింపిన మట్టిని మిద్దెమీద ఒక మూల కుప్పగా పోయరాదు. రెండు ప్రక్కలనుండి సమముగా గోకుచు, వెంటవెంటనే క్రిందికి దింపవలెను. విద్యుత్తు తీగలు దంతెలవెంట పోవుచున్నచో ముందుగా మెయిను ఆపవలెను. ఆకు అలములలో తేళ్లుండును, కనుక వట్టి చేతులు పెట్టరాదు.

ఇక చవుడు సంగతి. మన శాఖవారు చవుడు నేలను బాగుచేయుమని ఎల్లప్పుడు చెప్పుచుందురు. అదే చవుడు మిద్దెకు మేలు చేయుట చూచి కొందరు ఆశ్చర్యపడుదురు. కారణ మొక్కటే. చవుడులోని సోడియము వలన తడిసిన బంకమట్టి రేణువులు విడివడి సన్నని సందులను పూడ్చివేయును, నీరు లోనికి దిగదు. పైరుకు చేటైన ఈ గుణమే ఇంటికి రక్ష. చేనులో దీనికి విరుగుడుగా వేయు జిప్సము చవుడు గుణమును పోగొట్టును గనుక, మిగిలిపోయిన జిప్సమును మిద్దె మట్టిలో కలుపరాదు. ఈ పొరపాటు చేసినవారు కలరు. మంచి చవుడు తెలియుటకు గోలీయంత గడ్డను గాజుగ్లాసులోని తేట నీటిలో కదలింపక వేసి చూడవలెను. కొంత సేపటికి గడ్డ చుట్టు పాలవలె మడ్డి వ్యాపించినచో అది పనికివచ్చును. నల్లరేగడి ఒక్కటే వాడరాదు, ఎండకు నెఱ్ఱెలు విచ్చును.

వాలు గజమునకు ఒక అంగుళము చొప్పున తూము వైపునకు ఉండిన చాలును. అంతకు మించినచో నీటితోబాటు చవుడు కొట్టుకొనిపోవును. మట్టిని తడిపి, దిమ్మిసతో కొట్టి, పైన తడి గోనెలు పరచి మెల్లగా ఆరనీయవలెను. వైశాఖపు టెండకు విడిచిపెట్టినచో మరునాటికే పగుళ్లు వచ్చును. వచ్చిన సన్నపగుళ్లను పేడ కలిపిన మట్టితో అలుకవలెను. మిద్దెమీద మొలచిన గడ్డిని వేరుతో సహా తీసివేయవలెను, ఎండిన వేరు దారినే నీరు దిగును.

రేకులు వేసినవారిని నిందించుట మన పని కాదు. మిద్దెకు ఏటేట చాకిరి కావలెను, చేయువారు దొరకుటలేదు. గూనపెంకుల యిండ్లవారికి కోతుల బెడద. పెంకులు నేసిన వారమునకే కోతులు తిరుగవేయుచున్నవి. రేకులుండియే అటక వాడుకొనదలచినవారు రేకులపైన సున్నము పూసి, క్రింద అడుగైన ఖాళీ వదలి వెదురు తడక కట్టి, ఆ ఖాళీలోని వేడిగాలి పోవుటకు ఎదురెదురు గోడలలో కంతలు పెట్టించవలెను. అట్లు చేసినను విత్తనమును మాత్రము క్రింది గదిలో, బల్లలమీద పెట్టుటయే మేలు. అటకను తాళ్లకు, గంపలకు, పనిముట్లకు వాడుకొనవచ్చును.

మిద్దె గట్టిపడిన తరువాత అటక పని సులువు. పలకల నడుమ గాలియాడు సందు వదలవలెను. బస్తాలను, గుమ్ములను గోడకు అడుగు దూరమున, అడుగు దూలముల కొనలకు దగ్గరగా పెట్టవలెను గాని దూలము నడుమ పెట్టరాదు, నడుమ పెట్టిన బరువే దూలమును వంచును. గాలికంతలకు ఎలుక దూరని సన్నని ఇనుప వల కొట్టవలెను. యూరియా, పురుగుమందులు విత్తనమున్న అటకమీదికి ఎన్నడును ఎక్కింపరాదు.

వెనుకటి అటకకు ఇంకొక బలముండెడిది. అది వంటయింటి పొగ. 1999లో దీపం పథకము వచ్చినది మొదలు గ్యాసు పొయ్యి పల్లెలకును చేరినది. ఆడవారి కండ్లకు, ఊపిరితిత్తులకు ఎంతో మేలైనది. కాని అటకను ఆరబెట్టి పురుగును తరిమిన పొగ పోయినది. పొగ లేని అటకమీద వెనుకటివలె కంకులు వ్రేలాడదీసిన చాలదు. పుచ్చుపురుగు చేనిలోనే కాయమీద గ్రుడ్లు పెట్టి ఇంటికి వచ్చును. కందిని ఎండలో బాగుగా కాచి, చల్లారిన పిదప వేపాకు, బూడిద కలిపి, మట్టి పేడలతో అలికి ఆరిన గుమ్మిలో పోసి మూత మెత్తవలెను. గాలి చొరని సంచులు దొరికినచో అవియు మంచివే, కాని గింజ ఎండియుండవలెను.

ఈ పద్ధతి తెలిసినవారికై దూరము పోనక్కరలేదు. జహీరాబాదు వద్ద పస్తాపూరులోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘములవారు జొన్న, కొర్ర, కంది మొదలగు పాత విత్తనములను గుమ్ములలో కాపాడుచు వచ్చినారు. 2019లో వీరి సంఘములకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము వారి ఈక్వేటర్ బహుమతి లభించినది. ఝరాసంగం మండలములోని మాచనూరులో 2008లో ప్రారంభమైన సంఘం రేడియో కూడ ఈ మహిళలదే.

విత్తుటకు పదిదినముల ముందు ప్రతి గుమ్మినుండి నూరు గింజలు తీసి తడిగుడ్డలో చుట్టి పెట్టవలెను. జొన్నగాని కందిగాని 75కు తక్కువ మొలిచినచో ఆ విత్తనమును నమ్మి చేను దున్నరాదు, వేరొకరివద్ద బదులు అడుగుటకు అప్పటికింకను వ్యవధి యుండును.

మిద్దె బాగుచేసిన యేడు తొలి వాన పడు రాత్రి ఇంటివారెవరైన బ్యాటరీ లైటు తీసికొని అటక ఎక్కి దంతెలవెంట చూడవలెను. తడి కనబడిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టి, అది ఏ గోడకు ఎన్ని మూరల దూరమో కొలుచుకొనవలెను. వాన వెలసి మిద్దె ఆరిన పిదప పైకెక్కి, ఆ కొలతప్రకారము చూచినచో పగులు దొరకును.