గది నడిపే లెక్కల పెట్టె!

మీట నొక్కగానే గోడ బయటికి జరిగి ఇల్లు పెద్దదవుతుంది. మళ్లీ నొక్కితే బుద్ధిగా లోపలికి వచ్చేస్తుంది. అమెరికాలో ఆర్‌వీలని పిలిచే చక్రాల ఇళ్లలో ఉండే ‘స్లైడవుట్’ గది కథ ఇది. అక్కడి జాతీయ రహదారులపై తిరిగే బండి వెడల్పు 102 అంగుళాలు... అంటే ఎనిమిదిన్నర అడుగులు దాటకూడదు. అందుకే ప్రయాణంలో ముడుచుకుని, ఆగిన చోట విచ్చుకునే గది ఏర్పాటు.

సోఫా, మంచం, ఒక్కోసారి ఫ్రిజ్‌తో సహా కదిలే ఆ గదికి చాలా బండ్లలో రెండు పక్కలా రెండు మోటార్లుంటాయి. చిక్కంతా అక్కడే! ఫ్రిజ్ ఉన్న వైపు మోటారుకి బరువెక్కువ, అది వెనకబడుతుంది. పల్లకీ బోయీల్లో ఒకరు ముందుకు ఉరికితే ఏమవుతుందో తెలుసుగా... గదీ అలాగే పక్కకు తిరిగి బిగుసుకుపోతుంది.

అలా కాకుండా చూసేదే కంట్రోలర్ అనే చిన్న పెట్టె. ఇంతకీ అది చేసే పనేంటంటే... లెక్కపెట్టడం! మోటారు తిరిగినప్పుడల్లా అందులోని అయస్కాంతం ఓ సెన్సర్ ముందు నుంచి వెళ్తుంది. ప్రతిసారీ పెట్టెకి ఓ సంకేతం అందుతుంది. 1879లో ఎడ్విన్ హాల్ అనే అమెరికా శాస్త్రవేత్త కనిపెట్టిన సూత్రమే దీనికి ఆధారం. రెండు మోటార్ల లెక్కల్నీ పోల్చి, ముందున్నదాన్ని కాస్త నెమ్మదింపజేస్తుంది పెట్టె. గది చివరికి చేరి మోటారు ఆగిపోతే కరెంటు వాడకం ఒక్కసారిగా పెరుగుతుంది. ‘ఇక చాలు’ అని పెట్టెకు తెలిసేది అలాగే.

ఈ సంగతి తెలియకపోతే జేబుకు చిల్లే. గది బయట ఇరుక్కుంటే బండిని రోడ్డెక్కించలేరు. కంగారులో మోటారు మార్చేస్తారు. నిజానికి లోపం సన్నటి సెన్సర్ తీగలో ఉండొచ్చు. మోటారు భేషుగ్గా ఉన్నా, లెక్క అందకపోతే పెట్టె దాన్ని కదలనివ్వదు. 12 వోల్టుల బ్యాటరీ నీరసించినా అంతే!

అందుకే అనుభవమున్న మెకానిక్కులు ముందు బ్యాటరీ చూస్తారు. తర్వాత పెట్టె మీద మెరిసే దీపాన్ని గమనిస్తారు. ఎన్నిసార్లు మెరిసిందన్నదాన్ని బట్టి లోపమేంటో చెప్పే ఏర్పాటు చాలా పెట్టెల్లో ఉంటుంది. అప్పటికీ తేలకపోతే, తయారీదారు అనుమతించిన రకాల్లో పెట్టె దగ్గర రెండు మోటార్ల కనెక్షన్లనూ అటుదిటు మార్చి, ఒక్క క్షణం మీట నొక్కుతారు. లోపం మోటారుతో పాటే రెండోవైపుకి మారిందా... తప్పు మోటారుది లేదా దాని తీగది. మారలేదా... పెట్టెను అనుమానించాల్సిందే.

కొత్త మోటారు కొనేముందు చేయాల్సిన పరీక్ష ఇదే మరి!